ఒకే గూటికి రెండు రాళ్లు

డాక్టరు ఇచ్చిన మందును పాడు చెయ్యాలంటే మామూలు మనుషులు వేసుకోవడం మానేస్తారు. నేను అంత తేలిగ్గా వదల్లేదు. ఆ మందు వేసుకుంటూనే, దానికి సరిగ్గా ఎదురు నిలబడే మందును ఇంకో ఊళ్లో బేరమాడి, రెండు రూపాయలు తగ్గించుకుని మరీ కొన్నాను. ఆరు వారాల పాటు రెండింటినీ ఒకే గ్లాసుడు మజ్జిగతో మింగాను. ఒకటి గడ్డను మాడ్చే మాత్ర, రెండోది ఆ గడ్డకు మేత. తన సర్వీసులో ఇలాంటి పని చేసిన మనిషిని చూడలేదని మా డాక్టరమ్మే ఒప్పుకుంది. ఆ ఘనత నాదే.

నా పేరు రాజ్యలక్ష్మి. యాభై మూడేళ్లు. పుట్టింది గుడివాడలో, మా నాన్న బట్టల కొట్టు వెనక గదిలో. అక్షరాలకంటే ముందు ఆయన నాకు రెండు సంగతులు నేర్పాడు. కొనేటప్పుడు అవసరం మొహంలో కనపడనివ్వకూడదు. అమ్మేవాడికి మన కథ చెప్పకూడదు. ఆ చదువుతోనే బందరు కోడలినయ్యాను. చిలకలపూడిలో తయారయ్యే రోల్డుగోల్డు నగలు మా కొట్లో అమ్ముతాం. బోర్డు మీద మా ఆయన పేరు ఉంటుంది, గల్లా దగ్గర నేనుంటాను.

1978, ఎండాకాలం

స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి డాక్టరు ఖర్చేమిటనుకున్నాను. మామిడికాయల కాలం వెళ్లాక చూద్దామని నాకు నేనే గడువు పెట్టుకున్నాను. అది వెళ్లాక శ్రావణమాసం పెళ్లిళ్ల గిరాకీ ఉందిగా అని గడువు పెంచాను. ఈ తప్పు గురించి మాత్రం గొప్పలు చెప్పుకోను, ఎందుకంటే ఇది అందరూ చేసేదే. ఇది చదివే ఆడవాళ్లలో ఎవరికైనా అలాంటి గింజ తగిలి, ఏ పండగ వెళ్లాకో చూపించుకుందామనుకుంటుంటే, పుస్తకం పక్కన పెట్టి ఇప్పుడే ఇంట్లో చెప్పండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

నేను చెప్పలేదు. మా ఆయనే పట్టుకున్నాడు. గాజుల పెట్టె కుడిచేత్తోనే దించుతుంటే చూశాడు.

"ఎడం చెయ్యి ఏమైంది?"

"ఏం కాలేదు, అలిసింది."

"ముప్పయ్యేళ్లుగా చూస్తున్నా, నీకు ఒక చెయ్యే అలిసిపోవడం ఇదే మొదలు."

మర్నాడు పొద్దున్నే గుడివాడ పాసింజరెక్కించాడు. మా పుట్టింటి ఊరి పిల్లే ఒకావిడ ఇంగ్లండులో చదువుకుని, అక్కడ కొన్నేళ్లు పనిచేసి, తిరిగి వచ్చి గుడివాడలో నర్సింగ్ హోమ్ పెట్టుకుంది. నలభై ఏళ్లుంటాయేమో. ఇక్కడ ఆవిణ్ణి డాక్టరమ్మ అనే రాస్తాను.

ఆ వరండాలో బల్ల మీద కూర్చుని ఎదురుచూడటం నాకు రాదు. మా కొట్లో మనుషులు నా కోసం ఎదురుచూస్తారు. చెప్పుల జతలు లెక్కపెట్టాను. గోడ మీద పసిపిల్లాడి క్యాలెండరు ఎంతకు కొట్టించి ఉంటారో లెక్కేశాను. పక్కన దివిసీమ మనిషి, నాగాయలంక నుంచి వచ్చిందట, తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది. ముందటేడు ఉప్పెనలో ఇల్లూ గొడ్లూ అన్నీ పోయాయని, వంటావిడ ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నీదెంతుందమ్మా?" అని అడిగింది.

"బఠాణీ గింజంత."

"నాది నిమ్మకాయంత. నీకెందుకమ్మా ఆ కంగారు? ఇదిగో, విసురుకో."

నేను లోపలికి వెళ్లి వచ్చేసరికి ఆవిడ లేదు. విసనకర్ర నా చేతిలోనే ఉండిపోయింది.

ఆపరేషన్ గురించి రాయను. చేసినవాళ్లకు అంతా తెలుసు, చేయించుకున్నదాన్ని మత్తులో ఉన్నాను. మెలకువ వచ్చాక నేను మొదట అడిగిన మాట "ఎంత తూగింది?" అనట. మా ఆయన నవ్వబోయి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

1979, మాఘమాసం

కుట్లు మాని, మళ్లీ గల్లా దగ్గర కూర్చున్న రెండు మూడు నెలలకు మచ్చ పక్కనే చర్మం కింద రెండు కందిగింజలు తగిలాయి. ఈసారి గడువులేమీ పెట్టుకోలేదు. ఆ రోజే రైలెక్కాం.

"మళ్లీ కోస్తారా?" అని డాక్టరమ్మను అడిగాను.

"ఇప్పుడే వద్దండి. ఒక మాత్ర ఉంది, కొత్తది. ఇంగ్లండు నుంచి నా స్నేహితురాలు పంపిస్తుంది. ముట్లు ఆగినా మీ ఒంట్లో ఆడ హార్మోను కొంచెం కొంచెంగా ఊరుతూనే ఉంటుంది. గడ్డ కణాల్లో దాని కోసం ప్రత్యేకంగా చోట్లుంటాయి, రిసెప్టర్లంటాం. హార్మోను వచ్చి అందులో కూర్చుంటే గడ్డ పెరుగుతుంది. ఈ మాత్ర పోయి అదే చోట కూర్చుంటుంది. కూర్చుంటుంది గానీ, గడ్డను పెంచే పని చెయ్యదు. చోటు మాత్రం ఖాళీ లేకుండా చేస్తుంది."

"అంటే ఆ హార్మోనుకి ఇమిటేషనా?"

"అలాగే అనుకోండి."

ఆ మాట దగ్గర నా చెవులు మూసుకుపోయాయి. ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నేను మాత్రం సరుకు ఎవరి దగ్గర పరీక్షకు నిలబడిందో అడిగాను.

"ముందు ఎలుకల్లో చూశారు. గర్భసంచి ముక్క తీసి, హార్మోను ఎంత అంటుకుంటోంది, ఈ మందు ఎంత అంటుకుంటోంది అని కొలుస్తారు. నేనూ అక్కడ ఆ పని కొన్నాళ్లు చేశాను. విచిత్రమేంటంటే ఇది ఎలుకలో ఒక రకంగా, చిట్టెలుకలో ఒక రకంగా, కోడిపిల్లలో ఇంకో రకంగా పనిచేస్తుంది."

"ఎలుక, చిట్టెలుక, కోడిపిల్ల. తర్వాత నేనా?"

"మధ్యలో బోలెడుమంది ఆడవాళ్లున్నారు లెండి," అని నవ్వింది. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మూడు నెలలకు చూద్దాం. అన్నట్టు, నాకు చెప్పకుండా ఇంకే మందూ వేసుకోకండి."

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చిలకలపూడి, బందరు కొట్లవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఇమిటేషన్ అమ్ముతాం, ఇంట్లో పెట్టుకోం. సన్నగా ఒక్క పోగయినా సరే, మా చెవులకుండేది బంగారమే. ఇమిటేషన్ అంటే పై మెరుపు ఎన్నాళ్లుంటుందో, లోపల ఏముందో మాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. అలాంటి నన్ను, ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఇమిటేషన్ మాత్ర మింగమంటోంది! రైల్లో మా ఆయనతో అన్నాను, "ఖరీదు చూస్తే అసలుదిలా ఉంది, సరుకు చూస్తే గిల్టు" అని. ఆయన పల్లీలు వలుస్తూ, "డాక్టరుతో కూడా బేరమేనా" అన్నాడు.

1979, చైత్ర వైశాఖాలు

మాత్రలు చైత్రంలో చేతికందాయి, వాటితో పాటే ఆవిర్లు మొదలయ్యాయి. ఛాతీలో పొయ్యి రాజేసినట్టు సెగ పుట్టి మెడ మీదుగా మొహానికెక్కేది. రెండు నిమిషాల్లో జాకెట్టు తడిసిపోయేది. పెడన నుంచి వచ్చిన ఒకమ్మాయి గాజులు బేరం చేస్తూ, "ధర చెప్పేటప్పుడే చెమటలు పడుతున్నాయేంటి పిన్నిగారూ, అంత అబద్ధమా?" అంది. కొట్టంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆ గాజులు మాత్రం నష్టానికి ఇవ్వాల్సి వచ్చింది.

వైశాఖంలో మా ఆడపడుచు మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే చల్లపల్లి వెళ్లాను. నేను పమిటతో విసురుకోవడం చూసి వదిన పక్కకు పిలిచింది.

"ముట్లు ఆగినప్పుడు నాకూ ఇట్లాగే వచ్చేవి రాజ్యం. మా బజార్లో కాంపౌండరున్నాడు. ఆడ హార్మోను మాత్రంట, ఇచ్చాడు. చేత్తో తీసేసినట్టు పోయినయ్."

"అసలుదేనా?"

"అసలుదే. ఇందులో నకిలీ కూడా ఉంటదా ఏంటి?"

ఉంటుంది, రోజుకు రెండు మింగుతున్నానని చెప్పలేదు. నా గడ్డ తీశారని వదినకు తెలుసు, మిగతా కథ ఆవిడకూ చెప్పలేదు. అసలు హార్మోను ఉండగా ఇమిటేషన్ దేనికన్న ప్రశ్నకు నా బుర్ర అప్పటికే జవాబు చెప్పేసుకుంది.

కాంపౌండరు మంచివాడు. అడగాల్సినవన్నీ అడిగాడు.

"ఇంకేవన్నా జబ్బులున్నయ్యా అమ్మా? గడ్డలు గానీ, ఆపరేషన్లు గానీ?"

అమ్మేవాడికి మన కథ చెప్పకూడదు. జబ్బు ఉందంటే ధర పెంచుతాడు. పమిట సర్దుకుని, "ఆవిర్లు తప్ప గుండ్రాయిలా ఉన్నాను బాబూ, రేటు చెప్పు" అన్నాను. పద్నాలుగంటే పన్నెండుకు తెచ్చాను. బస్సెక్కేటప్పుడు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

వారం తిరక్కుండా ఆవిర్లు తగ్గాయి. మొహంలో కళ వచ్చింది. అసలు అసలే అనుకున్నాను. మరి ఇంగ్లండు మాత్ర ఎందుకు మానలేదంటే, డబ్బు పెట్టి కొన్న సరుకు పారెయ్యడం మా ఇంటా వంటా లేదు. ఆరు వారాలు అలా రెండూ నడిచాయి. కందిగింజల్లో ఒకటి శనగగింజంత అయినట్టు వేళ్లకు తెలుస్తూనే ఉంది. ఒళ్లు చేశాను కదా, అదీ ఒళ్లు చేసిందిలే అనుకున్నాను. పరాచికం కాదు, నిజంగానే అలా అనుకున్నాను.

1979, జ్యేష్ఠం

మస్తాన్ గారు చిలకలపూడిలో మాకు రాళ్లు పొదిగే మనిషి. మా మావగారి కాలం నుంచీ ఉన్నారు, అరవై దాటాయి. ఒక దుద్దుల ఆర్డరు ఆలస్యమైందని నిలదీయడానికి ఆయన వసారాకు వెళ్లాను. చిన్న పీట ముందు కూర్చుని, దుద్దుల్లోని గూళ్లలో లక్క పెట్టి, ఎర్ర గాజురాళ్లు ఒక్కొక్కటీ కూర్చోబెడుతున్నారు. పక్క పళ్లెంలో ఇంకో నాలుగు రాళ్లు విడిగా ఉన్నాయి.

"అవి విడిగా పెట్టారేం?"

"అవి అసలు కెంపులమ్మా. బంటుమిల్లి ఆసామివి, వేరే నగకు. పొరపాటున వీటిలో కలిస్తే నా కొంప మునుగుద్ది."

"కలిస్తే గూడు పట్టదుగా?"

ఆయన నావైపు చూసి నవ్వారు. "గూటికి కెంపా, గాజా అని తెలీదమ్మా. దానికి కొలతే తెలుసు. కొలత సరిపోతే ఎవరొస్తే వాళ్లని కూర్చోబెట్టుకుంటది. ఒకటి కూర్చున్నాక రెండోదానికి చోటుండదు."

"గాజురాయి కూర్చున్నాక పైనించి కెంపు పెట్టి నొక్కితే?"

"లక్క గట్టిపడకముందయితే గాజు లేచొస్తది, కెంపు కూర్చుంటది. అట్లా ఎవరు చేస్తారమ్మా, పిచ్చి పట్టినోళ్లు తప్ప!"

ఆ పీట ముందు కూర్చున్నాను. చెవులు మూసుకుపోయిన రోజున డాక్టరమ్మ చెప్పినదంతా ఇప్పుడు ఒక్కో ముక్కా వినపడింది. అదే చోట కూర్చుంటుంది. పని చెయ్యదు. ఖాళీ లేకుండా చేస్తుంది. నా ఒంట్లో గూళ్లన్నిటిలో గాజురాళ్లు పొదిగించుకోవడానికి ఇంగ్లండు నుంచి సరుకు తెప్పించుకుంటూ, పూటపూటకీ గుప్పెడు కెంపులు తెచ్చి పోస్తున్నాను. చెయ్యి తనంతట తానే మచ్చ మీదకు పోయింది. అక్కడ శనగగింజ ఉంది.

"ఏంటమ్మా, మొహం అట్లా అయింది? నీళ్లు తెమ్మంటారా?"

ఇరవై ఏళ్లుగా ఆయనతో కూలి దగ్గర అణా అణా గీసి బేరమాడినదాన్ని. ఆయన ముందు మొదటిసారి కథ మొత్తం చెప్పాను. మస్తాన్ గారు పట్టకారు కింద పెట్టి విన్నారు. "రేపు పొద్దున బండికి వెళ్లండమ్మా. అయ్యగారికి కూడా చెప్పి వెళ్లండి. లక్క ఇంకా గట్టిపడలేదనుకోండి," అన్నారు.

మా ఆయనకు చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గుడివాడ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రైల్లో ఎదురుగా కూర్చున్న ఆయన మౌనం కంటే ఆపరేషన్ గదే నయమనిపించింది.

డాక్టరమ్మ బల్ల మీద రెండు మాత్రల అట్టలూ పక్కపక్కన పెట్టి అంతా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసేసింది.

"ఎన్నాళ్లు?"

"ఆరు వారాలు."

"ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. నా జబ్బు దాచి నేనే కొన్నాను. ఆయన్నేమీ అనకండి."

రెండు అట్టలూ చేతిలోకి తీసుకుని అంది, "ఎలుక గర్భసంచిలో మేం సరిగ్గా ఇదే చేసేవాళ్లం. ముందు ఈ మందు ఇచ్చి, పైన అసలు హార్మోను పోసేవాళ్లం. అసలుదానికి పట్టు ఎక్కువ. అది తగినంత పోస్తే మందు లేచిపోతుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి మాకు ఎన్ని ఎలుకలు పోయాయో. మీరు ఎలుకల ఖర్చు లేకుండా తేల్చేశారు రాజ్యలక్ష్మి గారూ."

మా ఆయన అప్పుడు నోరు తెరిచాడు. "బతుకుతుందా అమ్మా?"

గుడివాడ వచ్చిన ప్రతిసారీ నాలో ఉన్న ప్రశ్న అదే. ఆయన అడిగేదాకా నేను అడగలేదు.

"కెంపులు ఆపేద్దాం. గాజురాళ్లు మానకండి," అంది డాక్టరమ్మ. మస్తాన్ గారి మాటలన్నీ అప్పటికే చెప్పాను కాబట్టి ఆ భాషలోనే చెప్పింది. "గూళ్లు మళ్లీ నిండుతాయనే నా ఆశ. మాట మాత్రం ఇవ్వలేను. నాలుగైదు నెలలు చూడాలి."

1979, ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా

ఆవిర్లు మళ్లీ వచ్చాయి. ఈసారి వస్తుంటే ఒక రకమైన తృప్తి. గాజురాళ్లు చోట్లు పట్టుకుంటున్నాయి కాబోలు అనుకునేదాన్ని. అది వైద్యం కాదు, నా ఊరట. గింజల్ని మాత్రం రోజూ తడుముకోవద్దని డాక్టరమ్మ ఆంక్ష పెట్టింది. రేటు మారిందేమోనని గంటగంటకీ బజారుకి కబురు పంపే మనిషికి అదెంత కష్టమో ఊహించుకోండి.

మా ఆయన రెండు రోజుల తర్వాత మాట్లాడాడు. అది కూడా నాతో కాదు, మాత్రల అట్టతో. "ఇకనుంచి నువ్వు నా దగ్గరుంటావు" అని దాన్ని తన చొక్కా జేబులో వేసుకున్నాడు. మంచినీళ్లు తనంతట తాను ముంచుకుని ఎరగని మనిషి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రాళ్లు ఏరే చిన్న పళ్లెంలో మాత్ర పెట్టి, పక్కన మజ్జిగ గ్లాసుతో గల్లా దగ్గరకు తెచ్చేవాడు. గిరాకీ ఉన్నా సరే. నేను మింగేదాకా నిలబడేవాడు.

"నోరు తెరువు."

"చిన్నపిల్లనా?"

"చిన్నపిల్లవైతే నమ్మేవాణ్ణి."

చల్లపల్లి కూడా వెళ్లాను. కాంపౌండరుకు నిజం చెప్పి, తగ్గించుకున్న రెండు రూపాయలు బల్ల మీద పెట్టాను. ఆయన మొహం తెల్లబోయింది. "ఈ ముక్క అప్పుడే చెబితే డబ్బాతో సహా లోపల పెట్టేసేవాణ్ణి కదమ్మా" అన్నాడు. రూపాయలు ముట్టుకోలేదు. వదిన అయితే ఏడ్చి, తిట్టి, మళ్లీ ఏడ్చి, గోంగూర పచ్చడి జాడీ ఇచ్చి పంపింది.

1979, కార్తీకం

వరండాలో అదే బల్ల. ఈసారి నాగాయలంక ఆవిడ విసనకర్ర తీసుకెళ్లాను, కనిపిస్తే ఇద్దామని. కనిపించలేదు. ఎక్కడుందో, ఎలా ఉందో నర్సుకూ తెలియదు. నా పక్కన ఎవరింటి కోడలో, పాతికేళ్ల పిల్ల, చేతిరుమాలుకు ముడులు వేస్తూ విప్పుతూ కూర్చుంది. నేనే అడిగాను.

"ఎంత ఉందమ్మా?"

"బఠాణీ అంత ఉంటుందండీ."

"ఎప్పుడు తెలిసింది?"

"మొన్న ఆదివారం."

మొన్న ఆదివారం తెలిసి ఇవాళ వచ్చేసింది! అంత తెలివైన పిల్లకు నేను చెప్పేదేముంది? "ఇదిగో, విసురుకో" అని విసనకర్ర చేతిలో పెట్టాను.

లోపల డాక్టరమ్మ వేళ్లు మచ్చ చుట్టూ చాలాసేపు తిరిగాయి. మా ఆయన తలుపవతల నిలబడ్డాడు, కింద సందులోంచి చెప్పులు కనిపిస్తున్నాయి.

"చిన్న గింజ లేదు," అంది. "పెద్దది ఆవగింజంత. వెతికితే గానీ దొరకలేదు."

"అంటే పోయినట్టేనా?"

"తగ్గింది. ఇంకా తగ్గొచ్చు, ఇలాగే ఉండొచ్చు. ఎన్నాళ్లని మాత్రం అడగకండి. నాకు నిజంగా తెలియదు. మాత్రలు మానకండి."

బయటికొచ్చి మా ఆయనకు ఆవగింజ సంగతి చెబితే, స్టేషను దాకా నడుద్దామన్నాడు. రిక్షాకు డబ్బులుండీ నడిచాం.

బందరు చేరాక మస్తాన్ గారు ఒక జత దుద్దులు తెచ్చారు. రోల్డుగోల్డు, ఒక్కోదాంట్లో ఒక్క ఎర్ర గాజురాయి. కూలి వద్దన్నారు. నేను బలవంతంగా ఇచ్చాను. ఆయన తగ్గిస్తుంటే నేను పెంచుతూ బేరమాడటం వీధంతా చూసింది. బంగారం తీసి పెట్టెలో పెట్టాను. గిరాకీకి వచ్చినవాళ్లు అడుగుతుంటారు, "ఏంటమ్మగారూ, మీరు కూడా ఇవేనా?" అని. ఇవేనంటాను.

ఇక లెక్క. పద్దు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఎడమ రొమ్ము ఒకటి: పోయింది, తిరిగి రాదు.
గింజ తగిలాక ఊరికే పోగొట్టిన నెలలు: మూడు. పూర్తిగా నా ఖాతా.
రెండు మాత్రలూ కలిపి మింగిన వారాలు: ఆరు. ఇవీ నావే. వాటివల్ల ఎంత నష్టమో డాక్టరమ్మకే తెలియదు, తక్కువేసి రాయను.
అబద్ధాలు, దాపరికాలు: మా ఆయనకు ఒకటి, వదినకు ఒకటి, కాంపౌండరుకు ఒకటి. మూడూ ఒప్పుకున్నాను.
నర్సింగ్ హోమ్‌కు, రైలుకు, ఇంగ్లండు మాత్రలకు: మా ఆయన రాసుకున్నాడు. ఎంతో చెప్పడు, నేనూ అడగను.
చల్లపల్లిలో మిగిల్చిన రెండు రూపాయలు: కాంపౌండరు తిరిగి తీసుకోలేదు కాబట్టి రాబడి కిందే రాయాలి. నా బేరంలో వచ్చిన లాభం మొత్తం అదే.
విసనకర్ర: వచ్చింది ఒకటి, ఇచ్చింది ఒకటి. ఇవ్వాల్సినావిడకు మాత్రం ఇవ్వలేదు.
మిగిలిన బాకీ: ఆవగింజంత. రోజుకు రెండు గాజురాళ్ల చొప్పున కడుతున్నాను. ఎన్నాళ్లు కట్టాలో రాయలేదు. తగ్గించమని అడగలేదు.